మెయిల్‌బాక్సు అడ్రసు ఇస్తే బిజినెస్ క్రెడిట్ రాదా? మూడు చోట్ల నో అన్నారు

ఇద్దరం_కంపెనీ
నెలన్నరలో మూడు చోట్ల అప్లై చేశాను, మూడు చోట్లా నో. ఒకటి బిజినెస్ క్రెడిట్ కార్డు, ఒకటి బ్యాంకులో చిన్న క్రెడిట్ లైను (కావాల్సినప్పుడు వాడుకునే అప్పు పరిమితి), మూడోది ఆఫీసు సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ముప్పై రోజుల అరువు ఖాతా. మొదటి రెండూ పోతే పోయాయిలే అనుకున్నా. కాగితాలూ ప్రింటరు ఇంకూ అరువివ్వడానికి కూడా మేం పనికిరామా అన్నది మాత్రం గుచ్చుకుంది.

అమెరికాలో ఎల్‌ఎల్‌సీ, అంటే యజమానుల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ, పెట్టి రెండేళ్లు దాటింది. నేనూ నా ఫ్రెండూ చిన్న వ్యాపారాలకు పద్దులు రాస్తాం, పేరోల్ చూస్తాం. ఎవరింట్లో వాళ్లం కూచుని చేసే పని కాబట్టి ఆఫీసు లేదు. నా పర్సనల్ క్రెడిట్ స్కోరు 760 పైనే. కంపెనీ మీద అప్పు లేదు. అడ్రసు మాత్రం మెయిల్‌బాక్సు షాపులో తీసుకున్న డబ్బా. దాని నంబరు 214. అన్ని ఫారాల్లోనూ "సూట్ 214" అనే రాస్తున్నా.

వచ్చిన మూడు ఉత్తరాల్లో రెండింట్లో ఒకటే మాట, "మీ వ్యాపార చిరునామాను ధ్రువీకరించలేకపోయాము" అని. అంటే అడ్రసు వల్లే పోయిందా? నెలనెలా డబ్బు పోసి చిన్న గది అద్దెకు తీసుకుంటే పనవుతుందా? తీసుకుంటే అందులో కూచునేవాళ్లు ఎవరూ లేరు, అది వేరే సంగతి.

గోడమీద_పిల్లి
కూచునేవాళ్లు లేకపోతే నాకు చెప్పండి, వచ్చి కూచుంటా. మా ఇంట్లో పిల్లల గోల భరించలేకపోతున్నా.

గరాజ్_రాణి
నాది ఇంటి అడ్రసే. గరాజులో రెండు కుట్టు మెషిన్లు, ఒక కటింగ్ బల్ల, అదే నా కంపెనీ. ఐదేళ్లయింది. కార్డు వచ్చింది, అరువు ఖాతాలు నాలుగున్నాయి. ఇంటి అడ్రసు ఇస్తే చిన్నచూపు చూస్తారని వీడియోల్లో తెగ చెప్తారు, నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఇల్లు ఉండగా డబ్బా అడ్రసు ఎందుకిచ్చారండీ?

ఇద్దరం_కంపెనీ
ఇంటి అడ్రసు ఇస్తే ఇద్దరు మనుషులు కంప్యూటర్లు పెట్టుకుని కూచున్నట్టు కనిపిస్తుందేమోనని.

గోడమీద_పిల్లి
ఇద్దరు మనుషులు కంప్యూటర్లు పెట్టుకుని కూచునే కదా ఉన్నారు?

ఇద్దరం_కంపెనీ
ఉన్నాం. కనపడకూడదని.

పాత_అండర్‌రైటర్
పదకొండేళ్లు చిన్న వ్యాపారాల అప్పుల ఫైళ్లు చూశాను, ఇప్పుడు మానేశాను. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

అప్లికేషన్‌కి రెండు గేట్లుంటాయి. మొదటి గేటు దగ్గర "ఈ కంపెనీ నిజంగా ఉందా, ఎక్కడుంది, ఎవరిది" అని చూస్తారు. రెండో గేటు దగ్గర "తీసుకున్నది తిరిగి కడుతుందా" అని. అడ్రసుతో పని దాదాపు అంతా మొదటి గేటు దగ్గరే. రెండో గేటు దాకా వచ్చాక మీరు పెద్ద భవనంలో ఉన్నారా, ఇంట్లో వెనక గదిలో ఉన్నారా అన్నది నేను పెద్దగా పట్టించుకున్నట్టు గుర్తు లేదు. ఖాతాలో డబ్బు ఎలా వస్తోంది, ఎలా పోతోంది, అదే చూసేదాన్ని.

మొదటి గేటుకి చట్టం ఉంది. 2001లో వచ్చిన పేట్రియట్ యాక్టులో 326వ సెక్షన్. దాని కింద పెట్టిన నిబంధనల ప్రకారం ఏ కంపెనీకి ఖాతా తెరవాలన్నా బ్యాంకు దాని భౌతిక చిరునామా తీసుకోవాలి. అంటే ప్రధానంగా పని జరిగే చోటు, లేదా స్థానిక ఆఫీసు, లేదా ఇంకేదైనా నిజంగా ఉన్న చోటు. ఉత్తరాలకి పీఓ బాక్సు ఇచ్చుకోండి, డబ్బా ఇచ్చుకోండి, ఎవరూ కాదనరు. భౌతిక చిరునామా అన్న గడిలో మాత్రం అది చెల్లదు. ఇల్లు చెల్లుతుంది, ఎందుకంటే పని అక్కడే జరుగుతోంది.

ఇంకోటి. మీరు "సూట్" అని రాసినంత మాత్రాన అది సూట్ అయిపోదు. మెయిల్‌బాక్సు షాపుల్ని పోస్టల్ శాఖ సీఎంఆర్‌ఏ అంటుంది, అంటే డబ్బు తీసుకుని ఇతరుల ఉత్తరాలు పుచ్చుకునే ఏజెన్సీ. డబ్బా తీసుకునేటప్పుడు 1583 అని ఒక ఫారం నింపి రెండు గుర్తింపు కార్డులు చూపించారు కదా, అది ఇందుకే. పోస్టల్ శాఖ అడ్రసుల డేటాలో ఆ చిరునామా సీఎంఆర్‌ఏనా కాదా అన్న గుర్తు ఉంటుంది. నివాసమా కాదా అన్నదానికి ఇంకో గుర్తు ఉంటుంది. ఆ డేటా కొనుక్కుని వాడేవాళ్ల స్క్రీన్ మీద రెండూ కనపడతాయి. మీరు ఆఫీసు గది అని రాశారు, మాకు డబ్బా అని కనపడింది. ఫైలు పక్కకు పోయేది అక్కడే. మీరు మోసగాళ్లని ఎవరూ అనుకోరు. చెప్పిందీ కనపడిందీ వేరని అనుకుంటారు, ఆ పూట అంతకంటే లోతుగా చూసే తీరిక ఎవరికీ ఉండదు.

గోడమీద_పిల్లి
తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినట్టన్నమాట.

పాత_అండర్‌రైటర్
అంతే. పైగా ఈయన గ్లాసు మీద "ఇది కల్లు కాదు" అని చీటీ కూడా అంటించారు.

ట్రక్కు_బాబాయ్
నేనొప్పుకోను. 2019లో నా మొదటి ట్రక్కు లోను డబ్బా అడ్రసుతోనే వచ్చింది. ఒక్కడు కూడా అడగలేదు. ఇవన్నీ భయపెట్టే మాటలు.

పాత_అండర్‌రైటర్
బాబాయ్, ఆ అప్లికేషన్‌లో అడ్రసుకి రెండు గళ్లు ఉండి ఉంటాయి. ఉత్తరాలకి ఒకటి, భౌతిక చిరునామాకి ఒకటి. రెండోదాంట్లో ఏం రాశారో గుర్తుందా?

ట్రక్కు_బాబాయ్
కాపీ తీసి చూశా. ఇల్లు రాశాను.

పాత_అండర్‌రైటర్
మరింకేం.

ట్రక్కు_బాబాయ్
సరేలేమ్మా. కానీ ట్రక్కు తాకట్టు ఉంది కాబట్టి వాళ్లకి ధైర్యం, అది కూడా రాయి. ఈ అబ్బాయికి తాకట్టు పెట్టడానికి ఏముంది, కాలిక్యులేటరా?

లెక్కల_మావయ్య
ఇద్దరం_కంపెనీ గారూ, ఒక పని చేయండి. మీ కంపెనీ అడ్రసు ఎక్కడెక్కడ ఏమని ఉందో అన్నీ బయటికి తీసి ఒకచోట రాయండి. రాష్ట్రం రికార్డు, ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ), బ్యాంకు, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ (కంపెనీల క్రెడిట్ రిపోర్టులు తయారుచేసేవాళ్లు), ఇన్సూరెన్సు, వెబ్‌సైటు, ఇన్‌వాయిసు. నా దగ్గరికొచ్చే క్లయింట్లలో ఈ అడ్రసులన్నీ కలిసిన కంపెనీ ఒక్కటి కనపడితే గొప్ప. ఊరికే గది అద్దెకు తీసుకుంటే ఈ జాబితాకి ఇంకో అడ్రసు చేరుతుందంతే.

మెట్లకింద_ఆఫీసు
ఇంత గొడవెందుకు? ఇంటి అడ్రసు రాసి, పక్కన "సూట్ 100" అని తగిలించండి. ఆఫీసులా కనపడుతుంది, ఉత్తరాలు ఇంటికే వస్తాయి. నేను చేశాను, ఏమీ కాలేదు.

లెక్కల_మావయ్య
ఏమీ కానంతవరకు ఏమీ కాలేదు. పోస్టల్ డేటాలో ఆ ఇంటికి సూట్ 100 అనేది లేకపోతే అడ్రసు సరిపోలలేదనే వస్తుంది, అంటే ఇప్పుడు ఈయనకున్న గొడవే మళ్లీ కొని తెచ్చుకోవడం. దానికి మించి, బ్యాంకు అప్పు కోసం తెలిసి తెలిసి తప్పు రాయడం ఫెడరల్ నేరం. 18వ టైటిల్ 1014వ సెక్షన్. గరిష్ఠ శిక్ష 30 ఏళ్లు, జరిమానా పది లక్షల డాలర్లు. సూట్ నంబరుకి ఎవరినో జైల్లో వేశారని అనడం లేదు. అలాంటి సెక్షన్ ఉన్న చోట సరదాకి ఎందుకు ఆడాలి అంటున్నా.

మెట్లకింద_ఆఫీసు
తీసేస్తా బాబోయ్.

గరాజ్_రాణి
ఇంట్లో నిజంగానే కింద భాగానికి వేరే నంబరు ఉంటే అది వేరు. లేని నంబరు పుట్టించడం వేరు.

ఇద్దరం_కంపెనీ
మావయ్య గారు చెప్పినట్టు రాత్రి కూచుని అన్నీ తీశాను. డైనింగ్ టేబుల్ మీద కాగితాలు వరసగా పేర్చి, ఒక్కో అడ్రసూ పసుపు స్టిక్కర్ల మీద రాసి అంటించాను. మా ఆవిడ వచ్చి చూసి "ఏదైనా కేసు పరిశోధిస్తున్నావా" అంది.

రాష్ట్రం రికార్డులో: కంపెనీని వయోమింగ్‌లో పెట్టాం. అప్పట్లో ఏదో వీడియోలో అదే మంచిదన్నారు. అక్కడ ప్రధాన కార్యాలయం అన్నచోట మా తరఫున నోటీసులు పుచ్చుకునే రిజిస్టర్డ్ ఏజెంటు అడ్రసే ఉంది. నేను ఆ రాష్ట్రంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

ఐఆర్‌ఎస్ దగ్గర: రెండేళ్ల కిందట ఖాళీ చేసిన అపార్ట్‌మెంటు.

బ్యాంకులో: ఖాతా తెరిచినప్పటి అపార్ట్‌మెంటే భౌతిక చిరునామా, ఉత్తరాలకి డబ్బా.

ఇన్‌వాయిసు మీద: ఇప్పుడున్న ఇల్లు. ఎందుకలా పెట్టానో నాకే తెలియదు.

అరువు ఖాతాకి అప్లై చేసిన చోట: ఇది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వివరాలు ఫోన్‌లో చెప్పాను. సూట్‌ని ఇంగ్లీషులో స్వీట్ అని పలుకుతారు కదా, నేనూ స్టైలుగా "స్వీట్ 214" అన్నాను. ఆ అమ్మాయి తినే స్వీటు స్పెల్లింగు కొట్టింది. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్‌లో చూస్తే అక్కడా అదే స్పెల్లింగుతో ఉంది. అప్పటికి ఇంకెవరికీ స్వీట్ అని చెప్పలేదు కాబట్టి ఇది అక్కడి నుంచే వెళ్లిందని నా అనుమానం.

ఐదు చోట్ల నాలుగు అడ్రసులు, ఒక మిఠాయి.

గోడమీద_పిల్లి
ధ్రువీకరించలేకపోయాము అన్నారంటే చాలా మర్యాదస్తులు.

లెక్కల_మావయ్య
నవ్వులు తర్వాత. అందరూ మిఠాయి దగ్గర ఆగిపోయారు, అసలు సంగతి మొదటి కాగితంలో ఉంది. కంపెనీ వయోమింగ్‌లో పుట్టింది, సరే. మీరిద్దరూ ఉండేది, పని చేసేది వేరే రాష్ట్రంలో. ఆ రాష్ట్రంలో ఫారిన్ ఎల్‌ఎల్‌సీగా నమోదు చేశారా? ఇక్కడ ఫారిన్ అంటే పరాయి దేశం కాదు, పరాయి రాష్ట్రం.

ఇద్దరం_కంపెనీ
లేదు. అవసరమని తెలియదు.

లెక్కల_మావయ్య
అదీ. ఒక రాష్ట్రంలో ఇల్లో ఆఫీసో పెట్టుకుని రోజూ వ్యాపారం చేస్తుంటే అక్కడ నమోదు చేయించుకోవాలి. చేయకపోతే ఎవరైనా మీకు డబ్బు ఎగ్గొడితే ఆ రాష్ట్రం కోర్టులో కేసు వేయలేని పరిస్థితి రావచ్చు, జరిమానాలు వేరే. అప్పు ఇచ్చేవాడు మీ అడ్రసు ఉన్న రాష్ట్రం వెబ్‌సైటులో కంపెనీ పేరు కొట్టి చూస్తే ఏమీ రాదు. వాడి లెక్కలో మీరు అక్కడ లేరు.

పాత_అండర్‌రైటర్
నేను చేసే మొదటి పని అదే. కంపెనీ పేరు రాష్ట్రం సైటులో కొట్టడం. అర నిమిషం పని.

నెలనెలా_కడతా
వర్చువల్ ఆఫీసు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. నేను తీసుకున్నాను. రిసెప్షన్‌లో మనిషి ఉంటుంది, ఫోన్ ఎత్తుతుంది, మీటింగు గది గంటల లెక్కన ఇస్తారు. రెండు కార్డులు దాని మీదే వచ్చాయి. కాబట్టి పనికిరాదని తీసిపారేయకండి.

పాత_అండర్‌రైటర్
తీసిపారేయను. కొన్ని వర్చువల్ ఆఫీసులు కూడా సీఎంఆర్‌ఏగా నమోదై ఉంటాయి, కొన్ని ఉండవు. మీది ఉండకపోవచ్చు. తీసుకునే ముందు ఆ అడ్రసుకి 1583 ఫారం నింపమంటారా అని అడగండి, సంగతి తెలిసిపోతుంది. రెండోది, ఒకే అడ్రసు మీద ఎన్ని కంపెనీలున్నాయన్నది. డెలవేర్‌లో విల్మింగ్టన్ ఊళ్లో 1209 నార్త్ ఆరెంజ్ స్ట్రీట్ అని ఒక మామూలు భవనం ఉంది. దాని అడ్రసు మీద 2,85,000 పైచిలుకు కంపెనీలున్నాయని 2012లో పత్రికల్లో వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలకూ అదే రిజిస్టర్డ్ అడ్రసు. అది చట్టబద్ధమే. కానీ అది నోటీసులు పుచ్చుకునే అడ్రసు, పని చేసే అడ్రసు కాదు. పెద్ద కంపెనీకి పని చేసే చోటు వేరే ఉంటుంది కాబట్టి చెల్లుతుంది. మనకు అదొక్కటే ఉంటేనే చిక్కు.

ట్రక్కు_బాబాయ్
2,85,000 కంపెనీలకు పార్కింగు ఎక్కడ?

నెలనెలా_కడతా
సరే, నా కార్డులు అడ్రసు వల్ల వచ్చాయని కూడా చెప్పలేను లెండి. నాకు పదేళ్ల పర్సనల్ చరిత్ర ఉంది, రెండిటికీ కంపెనీ కట్టకపోతే నేను కడతానని పర్సనల్ గ్యారంటీ సంతకం పెట్టాను.

పక్కవాడి_అప్పు
గది అద్దెకు తీసుకుందామనుకునేవాళ్ల కోసం నా అనుభవం. చిన్న షాపు అద్దెకు తీసుకున్నా, సరైన లీజు, సరైన బోర్డు, అన్నీ ఉన్నాయి. అయినా అరువు ఖాతా రాలేదు. తవ్వితే తేలింది ఏమిటంటే, నాకు ముందు అదే గదిలో ఉన్నవాడి పేరూ నా పేరూ దగ్గరగా ఉన్నాయి. ఇద్దరిదీ ఒకే అడ్రసు. ఎక్కడో ఒక రిపోర్టులో వాడి ఎగవేతలు నా ఫైలులోకి వచ్చి కూచున్నాయి. వాడి మెషిన్ల మీద అప్పిచ్చినవాడు వేసిన యూసీసీ ఫైలింగు, అంటే తాకట్టు నమోదు, కూడా నాదన్నట్టు కనపడింది. అవి ఐదేళ్లదాకా రికార్డులో ఉంటాయి. నాలుగు నెలలు లీజు కాపీలు పంపుతూ కూచున్నాను. కాబట్టి గది తీసుకునే ముందు పాత అద్దెదారు పేరు అడగండి. ఇంటి ఓనరుకి అది వింత ప్రశ్నలా ఉంటుంది, పర్లేదు.

చట్టం_చదివినవాడు
పక్కవాడి_అప్పు గారి పోస్టు మీద ఒక ముక్క. మన పర్సనల్ రిపోర్టులో తప్పుంటే ఎఫ్‌సీఆర్‌ఏ అని క్రెడిట్ రిపోర్టుల చట్టం ఉంది, గడువులోగా విచారించి సరిచేయాలి. కంపెనీల రిపోర్టులకు ఆ రక్షణ మామూలుగా వర్తించదు. సరిచేయించుకోవడం వాళ్ల పద్ధతి ప్రకారమే, ఓపిక మనదే. అందుకే ఈయనకి నాలుగు నెలలు పట్టింది.

ఇద్దరం_కంపెనీ గారికి: మూడో ఉత్తరంలో కారణం లేదన్నట్టున్నారు?

ఇద్దరం_కంపెనీ
అవును, క్రెడిట్ లైనుది. "ప్రస్తుతం ఆమోదించలేము" అని ఒక్క లైను. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది.

చట్టం_చదివినవాడు
ఆ చిన్న అక్షరాలు చదవండి. ఈక్వల్ క్రెడిట్ ఆపర్చ్యూనిటీ యాక్టు కింద రెగ్యులేషన్ బి అని ఉంది. అందులో వ్యాపారాలకీ హక్కుంది. కాదన్న ఉత్తరం వచ్చిన 60 రోజుల్లోపు కారణాలు చెప్పమని అడగొచ్చు. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్న కంపెనీ అడిగితే 30 రోజుల్లో వాళ్లు కచ్చితంగా కారణాలు చెప్పాలి. ఫోన్ చేసి బతిమాలకండి. ఒక పేజీ ఉత్తరం రాసి పంపండి.

లక్ష్మణరేఖ
అందరూ "ఇంటి అడ్రసు ఇచ్చేయండి" అని తేలిగ్గా అంటున్నారు. నేను ఒక్కదాన్నే ఉంటాను. రాష్ట్రం రికార్డు ఎవరైనా చూడొచ్చు. ఒక క్లయింటు బిల్లు గొడవలో నా తలుపు దగ్గరికే వచ్చాడు. ఆ రోజు తర్వాత డబ్బా తీసుకున్నాను. అది సోకు కోసం కాదు.

గరాజ్_రాణి
అది ఆలోచించలేదు నేను. సారీ అండీ.

పాత_అండర్‌రైటర్
లక్ష్మణరేఖ గారు చెప్పింది న్యాయమే. దీనికి దారి ఉంది. బ్యాంకుకీ ఐఆర్‌ఎస్‌కీ ఇచ్చే భౌతిక చిరునామా అందరికీ కనపడే రికార్డు కాదు. అక్కడ ఇల్లు ఇవ్వండి. రాష్ట్రం రికార్డులో రిజిస్టర్డ్ ఏజెంటు అడ్రసు వేరుగా ఉంటుంది, ఏజెంటుని పెట్టుకుంటే ఆ గడిలో మీ ఇల్లు రాదు. ప్రధాన కార్యాలయం గడిలో ఏం రాయాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కొన్ని చోట్ల ఉత్తరాల అడ్రసు ఒప్పుకుంటారు. వెబ్‌సైటు, ఇన్‌వాయిసు, కార్డుల మీద డబ్బా. అప్లికేషన్‌లో డబ్బాని డబ్బా అని రాయండి, భౌతికం గడిలో ఇల్లు రాయండి. డబ్బా ఉండటం తప్పు కాదు. డబ్బాని ఆఫీసు అనడమే తప్పు.

లక్ష్మణరేఖ
గూగుల్ లిస్టింగులో కూడా సేవలందించే ప్రాంతం మాత్రం చూపించి అడ్రసు దాచుకోవచ్చు, నేనలాగే పెట్టుకున్నాను. డబ్బా అడ్రసుతో లిస్టింగు పెట్టడం వాళ్ల నియమాలకే విరుద్ధం.

మెట్లకింద_ఆఫీసు
డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వాళ్లు కంపెనీకిచ్చే డన్స్ నంబరు సంగతేంటి? 2022లో తీసేశారు కదా, దాని అడ్రసు సరిచేసి ఏం లాభం?

లెక్కల_మావయ్య
తీసేసింది ఫెడరల్ ప్రభుత్వం, తన కాంట్రాక్టుల కోసం. 2022 ఏప్రిల్‌లో వాళ్లు యూఈఐ అనే సొంత నంబరుకి మారారు. డన్స్ నంబరు డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వాళ్లది. అరువిచ్చేవాళ్లు ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. నంబరు తీసుకోవడం ఉచితం. డబ్బు కట్టమని ఫోన్లు వస్తే అది వేరే సరుకు అమ్మడానికి.

ట్రక్కు_బాబాయ్
ఇంత చదివాక కూడా నా మాట ఒకటుంది. అన్ని అడ్రసులూ ముత్యాల్లా కలిసిపోయినా ఈ అబ్బాయికి వెంటనే క్రెడిట్ రాదు. కంపెనీ పేరు మీద ఎప్పుడైనా అరువు తీసుకుని తీర్చాడా? లేదు. అప్పు లేదు అని గొప్పగా రాశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

పాత_అండర్‌రైటర్
బాబాయ్ ఈసారి కరెక్టు. అది రెండో గేటు. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వాళ్ల పేడెక్స్ స్కోరు 1 నుంచి 100 దాకా. 80 అంటే గడువు నాటికి కట్టినట్టు, 100 అంటే గడువుకి నెల ముందే కట్టినట్టు. మీరు కట్టిన సంగతి ఎవరో ఒకరు వాళ్లకి పంపితేనే ఆ స్కోరు పుడుతుంది. చాలామంది సరఫరాదారులు అసలు పంపరు. ఖాతా తెరిచే ముందు పంపుతారా అని అడగండి. గరాజ్_రాణి గారికి అడ్రసు గొడవ రాకపోవడానికి ఇల్లు ఎంత కారణమో, ఆ నాలుగు ఖాతాలూ అంత కారణం.

గరాజ్_రాణి
మొదటిది దారాలూ జిప్పులూ కొనే చోట. ముందు ఆరు నెలలు డబ్బిచ్చి కొన్నాక వాళ్లే అడిగారు, ఖాతా కావాలా అని. అంత చిన్న మొత్తానికి అడ్రసు ఎవరు చూస్తారు అనుకున్నా. చూశారట. గేటు మీద నంబరు సరిగ్గా కనపడటం లేదని డెలివరీ అబ్బాయి చెప్తే మరుసటి రోజు పెయింట్ వేయించాను.

ఇద్దరం_కంపెనీ
పది వారాల తర్వాత వస్తున్నాను. అడిగినవాళ్లకి, అడగనివాళ్లకి కూడా, జరిగింది ఇదీ.

మావయ్య గారు చెప్పింది ముందు చేశాను. మేముండే రాష్ట్రంలో ఫారిన్ ఎల్‌ఎల్‌సీగా నమోదు చేయించాం. అన్నింటికంటే అదే ఖర్చు, ఆలస్య రుసుము కూడా కట్టాం. ఐఆర్‌ఎస్‌కి 8822-బి ఫారం పంపాను. దాంట్లో వ్యాపారం జరిగే చోటు అని ఒక గడి ఉంది, అక్కడ ఇల్లు రాశాను, చేతి రాత బాగుండాలని రెండుసార్లు రాసి చించేశాను. బ్యాంకుకి స్వయంగా వెళ్లి కరెంటు బిల్లు, నమోదు పత్రం చూపించి భౌతిక చిరునామా మార్పించాను. ఆ కౌంటర్ ఆయన స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు. పాత అపార్ట్‌మెంటు, కింద డబ్బా. "ఇందులో మీరు ఎక్కడుంటారు?" అన్నాడు. రెండింట్లోనూ ఉండను అన్నాను.

కారణాలు అడిగిన ఉత్తరానికి జవాబు ఇరవై రెండో రోజున వచ్చింది. రెండు కారణాలు. ఒకటి, ఈ రాష్ట్రంలో కంపెనీ నమోదు కనపడలేదు. రెండు, వ్యాపార క్రెడిట్ చరిత్ర చాలదు. బాబాయ్ గారూ, రెండోది చదివినప్పుడు మీరే గుర్తొచ్చారు.

అరువు ఖాతా వేరే చోట వచ్చింది, చాలా చిన్న పరిమితి. పంపుతారా అని ముందే అడిగాను, పంపుతారట. క్రెడిట్ లైను మళ్లీ నో, ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. బిజినెస్ కార్డు మా సొంత బ్యాంకే ఇచ్చింది, పర్సనల్ గ్యారంటీ మీద. గది అద్దెకు తీసుకోలేదు.

ట్రక్కు_బాబాయ్
మూడింట్లో రెండు. బాగానే ఉందిరా అబ్బాయ్. వచ్చిన బిల్లు గడువుకి వారం ముందే కట్టెయ్.

గోడమీద_పిల్లి
గది తీసుకోలేదా? నేను సామాను సర్దుకున్నానే.

లక్ష్మణరేఖ
మరి ఆ డబ్బా ఉంచారా, తీసేశారా?

ఇద్దరం_కంపెనీ
ఉంచాను, ఉత్తరాలకి. ఇప్పుడు అన్ని చోట్లా పీఎంబీ 214, అంటే ప్రైవేటు మెయిల్‌బాక్సు 214, అనే రాస్తున్నా. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్‌లో కూడా ఇల్లు ఎక్కింది. కాకపోతే పాత చిరునామా అన్న లైనులో మిఠాయి ఇంకా అలాగే ఉంది. రెండుసార్లు రాశాను.